ఫ్రీ ఎనర్జీ జనరేటర్: వోల్టులు కాదు, యూనిట్లు కొలవండి



మోటారుతో బరువైన ఫ్లైవీల్ తిప్పి, దానికి బెల్టుతో ఆల్టర్నేటర్ కట్టి, "ఇక కరెంటు లేకుండానే బోరు ఆడుతుంది" అని చూపించే వీడియోలు మన రాజాం వైపు ఫోన్లలో కూడా బాగా తిరుగుతున్నాయి. "తమ్ముడూ, ఒకటి చేయించుకోమంటావా?" అని అడిగేవాళ్లున్నారు. డబ్బు పెట్టే ముందు ఒక్క పని చేయండి: కొలవండి.

చేను పచ్చగా ఉందని దిగుబడి చెప్పేయం కదండీ. గడి కట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తాం. కరెంటుకీ అంతే.

మీటర్లో 230 వోల్టులు కనిపిస్తే చాలా?
చాలదు. వోల్టు అంటే ట్యాంకులో నీటి ఎత్తు లాంటిది. వాల్వు తిప్పితేనే ఎంత నీరు పారుతుందో తెలుస్తుంది. లోడు పెట్టి చూడాలి.

వోల్టుని ఆంపియర్‌తో గుణిస్తే వాట్లు వస్తాయా?
ఏసీలో అన్నిసార్లూ రావు. ఖాళీగా తిరిగే మోటారు ఆంపియర్లు బాగానే లాగుతుంది, అసలు వాట్లు మాత్రం తక్కువ. దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. తడి ధాన్యం తూకం చూసి మురిసిపోయినట్టే ఇది. క్లాంప్ మీటరు ఒక్కటే పెట్టి లెక్క చెబితే నమ్మకండి.

ప్లగ్గు పీకేసినా బల్బు వెలిగింది కదా?
50 కిలోల బరువు, 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే, అందులో నిల్వ ఉండే శక్తి సుమారు 7.7 వాట్-అవర్లు. అది 100 వాట్ల బల్బుకి నాలుగున్నర నిమిషాలు వస్తుంది. వీడియోకి చాలు! 5 హెచ్‌పీ మోటారుకి ఏడు సెకన్లే. పక్కన 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే అందులో మరో 1.8 యూనిట్లు ముందే నిండి ఉంటాయి.

మరి ఎలా కొలవాలి?
బోర్లకు మీటర్లు పెట్టే పని మన ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలోనే మొదలైంది కాబట్టి మీటరు మనకి కొత్త కాదు. లోపలికి వెళ్లే వైరుకి ఒక ఎనర్జీ మీటరు, బయటికి వచ్చే వైరుకి ఇంకొకటి పెట్టించండి. బ్యాటరీ తీసేయండి. 1000 వాట్ల వాటర్ హీటర్ లోడు పెట్టి గంట నడపండి. రెండు మీటర్లలో యూనిట్లు రాసుకోండి.

మీటరు మీదే అనుమానమా? నీళ్లు అబద్ధం చెప్పవు. 20 లీటర్ల నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 0.23 యూనిట్ కావాలి. 1000 వాట్లు నిజంగా వస్తుంటే 14 నిమిషాలకి కాస్త అటూ ఇటుగా వేడెక్కాలి.

మోటారు 80 శాతం, ఆల్టర్నేటర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేసినా, 1000 వాట్లు పెడితే తిరిగొచ్చేది 640. బెల్టు నష్టం వేరే. పారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే ఇలాంటి యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని చెప్పేసింది. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) కూడా ప్రకృతి నియమాలకు విరుద్ధమైన వాటిని ఆవిష్కరణగా ఒప్పుకోదు.

జాగ్రత్త: ఇలాంటి జనరేటర్‌ని ఇంటి లైనుకి కలపకండి. కరెంటు వెనక్కి పోతే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. మీటర్లు ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి.

అమ్మేవాళ్లని ఒక్కటే అడగండి: "ఎన్ని యూనిట్లు పెడితే ఎన్ని వచ్చాయి, గంటసేపు నా కళ్ల ముందు నడిపి చూపిస్తారా?" చూపించలేకపోతే ఆ డబ్బు ఆవుకో, కెపాసిటర్‌కో, మంచి పైపులకో పెట్టుకోండి.