కండరములను సాగదీయుటయు, దెబ్బలనుండి కాపుదలయు

జమ్షెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున తొలి ఉక్కుదిమ్మ 1912వ సంవత్సరమునఁ బోఁతపోయఁబడెను. పిదప శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములనుండి పెక్కు తెలుగు కుటుంబములు పనికై ఆ పట్టణమునకు వలసపోయి స్థిరపడినవి. కర్మాగారపుఁ బనిలో బరువెత్తుట, వంగుట, గంటలకొలఁది నిలుచుట తప్పవు. నడుమునొప్పియు, పిక్కలు పట్టుటయు, బెణుకులును అందువలనఁ గలుగుచుండును. పనికి ముందు ఒడలు సాగదీసికొన్నచో ఇట్టివి రావను నమ్మకము జనులలో మిక్కిలి వ్యాపించియున్నది. ఇది సగమే నిజము.

ఆస్ట్రేలియా సైన్యమునఁ గ్రొత్తగాఁ జేరిన 1,538 మందిని రెండు తెగలుగా విభజించి పండ్రెండు వారములు పరీక్షించిరి. ఇరుతెగలవారును వ్యాయామమునకు ముందు ఒడలు వెచ్చఁజేసికొనిరి. ఒక తెగవారు మాత్రము కాలికండరములను సాగదీసిరి కూడ. 2000వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన ఫలితమేమనఁగా, దెబ్బల విషయమున ఆ రెండు తెగలకును చెప్పఁదగిన భేదము లేదు. అంతియగాక, కండను ఒక నిమిషమునకు మించి కదలక సాగదీసి పట్టియుంచినచో కొంతసేపు దాని బలము కొంచెము తగ్గును. బరువెత్తఁబోవువానికి ఇది లాభము కాదు.

కావున డ్యూటీకి ముందు చేయవలసినది వేఱు. అయిదు మొదలు పది నిమిషములు చుఱుకుగా నడచి, భుజములను గుండ్రముగాఁ ద్రిప్పి, మోకాళ్లను వంచి లేచి, కండలను వెచ్చఁజేసికొనవలెను. పుష్యమాసపుఁ జలిలో రాత్రిపనికిఁ బోవువారు దీనిని మానరాదు.

సాగదీయుట నిరర్థకమని దీని భావము కాదు. కీళ్లు ధారాళముగాఁ గదలుటకు అది మంచి సాధనమే. పని ముగిసిన పిదప, ఒడలు వెచ్చగా నున్నప్పుడు చేయుట మేలు. గోడకు అరచేతులాని, ఒక కాలు వెనుకకుఁ బెట్టి, దాని మడమ నేలనుండి లేవకుండ ముందుకు వాలినచో పిక్క సాగును. బిగువు తెలియునంతవఱకే పోయి, పది మొదలు ముప్పది సెకనులు నిలిచి, ఊపిరి బిగఁబట్టక, రెండు మూఁడు మాఱులు చేయవలెను. ఊఁగులాడుచు ఈడ్చుట కూడదు. హఠాత్తుగా లాగఁబడిన కండ తన్నుఁ దాను రక్షించుకొనుటకై ముడుచుకొనును. వారమునకు రెండు మూఁడు దినములైనను చేసినఁగాని ఫలము కనఁబడదు. కొన్ని వారములకుఁ గలుగు మార్పులోఁ బెద్దపాలు కండ పొడవగుట కాదనియు, శరీరము ఆ బిగువును ఓర్చుకొన నేర్చుటయే యనియు పరిశోధనలు తెలుపుచున్నవి.

పని చేయించువారికిని ఒక మాట. మితిమీఱిన బరువును ఒక్కనిచేత నెత్తించుచు వానికి వ్యాయామము నేర్పినందువలనఁ బ్రయోజనము స్వల్పము. బరువు తగ్గించుట, సామాను నడుమెత్తున నుంచుట, తోపుడుబండి నిచ్చుట ముందుగాఁ జేయవలసిన పనులు.

బెణికి వాచిన చోటను సాగదీయరాదు. నడుమునొప్పి కాలిలోనికి దిగి తిమ్మిరి పట్టినచో వైద్యునకుఁ జూపవలెను. కాలు బలము తప్పినను, మూత్రము బిగిసినను, మర్దనలతోఁ గాలయాపన చేయక ఆ దినముననే ఆస్పత్రికిఁ బోవలెను.