మీకు తెలుసా? చంద్రయాన్‌కు గుంటూరుతో చుట్టరికం ఉంది!

చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కి నింగికెగసింది. ఆగస్టు 23 సాయంత్రం 6.04కి విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. ఆ యాత్రకు అక్కరకొచ్చిన ఒక విద్యకూ, ఒక వాయువుకూ మన గుంటూరుతో 1868 నాటి బంధం ఉంది.

● 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ సాగే దారిలో గుంటూరు ఉంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్, కాంతిని విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపు పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. అప్పటికే గుంటూరు పత్తి వ్యాపారానికి కేంద్రం. ఇక్కడి పత్తి మచిలీపట్నం, కాకినాడ రేవుల నుంచి ఫ్రాన్స్‌కు ఓడలెక్కేది. ఊళ్లో కాపురమున్న లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడు తన మేడ పై అంతస్తును జాన్సెన్‌కు ఇచ్చాడు. మేజర్ టెనంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందమూ గుంటూరులోనే మకాం వేసింది.

● సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు అప్పటిదాకా గ్రహణం వేళ మాత్రమే కనిపించేవి. వాటి కాంతిని విడదీసి చూసిన జాన్సెన్‌కు మెరిసే గీతలు కనిపించాయి. అవి హైడ్రోజన్ వాయువు ఆనవాళ్లు. గ్రహణం లేకపోయినా ఆ గీతలు కనిపించి తీరతాయని ఆయన అక్కడికక్కడే గ్రహించాడు. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలోనే చూసి రుజువు చేశాడు.

● అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూసిన మద్రాసు అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్, పసుపు గీత ఒకటి సోడియం గీతల చోటికి సరిగ్గా కుదరడం లేదని గమనించాడు. అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే శాస్త్రవేత్త ఆ గీతను విడిగా కొలిచాడు. దానికి కారణమైన కొత్త మూలకమే హీలియం. భూమ్మీద అది 1895లో గానీ శాస్త్రవేత్త విలియం రామ్సేకు చిక్కలేదు.

● భారరహిత స్థితిలో ట్యాంకులోని ఇంధనం తనంతట తాను ఇంజన్‌లోకి పారదు. వాయువుతో ఒత్తిడి పెట్టి నెట్టాలి. చంద్రయాన్ యాత్రలో ఆ పని హీలియానిది. అది తేలిక, ఇంధనంతో చర్య జరపదు, మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ పక్కన ఉన్నా ద్రవంగా మారదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచే బయల్దేరి అంగారకుడి కక్ష్యకు చేరిన మంగళ్‌యాన్ కూడా హీలియం ట్యాంకును మోసుకెళ్లింది.

● విక్రమ్ నుంచి దిగిన ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి మట్టిపై లేజర్ కొట్టి, రేగిన మెరుపు కాంతిని విడదీసి అక్కడ గంధకం ఉందని తేల్చింది. అంగారకుడిపై క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లు రాళ్లను పరీక్షించేదీ ఈ పద్ధతిలోనే. కాంతిని విడదీసి పదార్థాన్ని గుర్తించే ఈ విద్యకు 1868లో గుంటూరు ఒక ప్రయోగశాల అయింది.

ఏటా ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం జరుపుకొంటున్నాం. అంతకు ఐదు రోజుల ముందే వచ్చే ఆగస్టు 18ని గుంటూరు జిల్లా బడులు మరిచిపోకూడదు. మాస్టార్లూ, ఆ రోజు పిల్లల చేతికి ఒక పట్టకం ఇచ్చి, ఎండను రంగులుగా విడదీసి చూపించండి. మన ఊరి పేరు అంతరిక్ష శాస్త్ర చరిత్రలో ఉందని చెప్పండి.