అంతర్జాతీయ ఉపాధ్యాయ ఉద్యోగ మేళా

అంతర్జాతీయ ఉపాధ్యాయ ఉద్యోగ మేళా అనగా వివిధ దేశాల పాఠశాలల ప్రతినిధులు ఒకచోట సమావేశమై, ఉపాధ్యాయులను ముఖాముఖి పరీక్షించి, తరచు అక్కడికక్కడే నియామకం ఖరారు చేసుకొనే కార్యక్రమం. మేళా రెండు మూడు రోజులలో ముగుస్తుంది. దానికి కావలసిన సన్నాహానికి మాత్రం సాధారణంగా కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది పడుతుంది. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళదలచిన ఉపాధ్యాయునికి బోధనలో నైపుణ్యం కంటె కాగితాలు, ఖర్చులు ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంటాయి. కనుక ఈ వ్యాసంలో వాటికే ఎక్కువ చోటు ఇవ్వడమైనది.

చరిత్ర

విదేశాలలోని అమెరికన్ పాఠశాలలకు ఉపాధ్యాయులను సమకూర్చే ఇంటర్నేషనల్ స్కూల్స్ సర్వీసెస్ 1955లో ఏర్పడింది. అమెరికాలోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయం 1976లో ఇటువంటి మేళాను ప్రారంభించింది. తరువాత సెర్చ్ అసోసియేట్స్ వంటి సంస్థలు బ్యాంకాక్, లండన్, దుబాయి తదితర నగరాలలో మేళాలు నిర్వహించాయి. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలిన తరువాత చాలా భాగం అంతర్జాలంలోకి మారింది.

భారతీయ ఉపాధ్యాయుల వలస ఈ మేళాలకంటె పాతది. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇథియోపియా భారతదేశం నుండి, ముఖ్యంగా కేరళ నుండి, ఉపాధ్యాయులను పిలిపించుకొంది. 2000వ దశకంలో గణితం, విజ్ఞాన శాస్త్రం బోధించేవారి కొరత వలన అమెరికాలోని కొన్ని పాఠశాల సంస్థల తరఫున హైదరాబాదులో కూడా ఎంపికలు జరిగాయి.

మేళా జరిగే తీరు

కొత్త విద్యాసంవత్సరం ఆగస్టులో మొదలయ్యే పాఠశాలలకు ప్రధానమైన ఎంపికల కాలం జనవరి, ఫిబ్రవరి నెలలు. సంప్రదాయ పద్ధతిలో మొదటి ఉదయం ఒక పెద్ద హాలులో ప్రతి పాఠశాలకూ ఒక బల్ల ఉంటుంది. అభ్యర్థులు వరుసలో నిలబడి, రెండు మూడు నిమిషాలలో తమను పరిచయం చేసుకొని, ఇంటర్వ్యూకు సమయం అడుగుతారు. ఇంటర్వ్యూలు ఆనాడో మరునాడో అదే హోటలులో జరుగుతాయి. నోటిమాటగా అంగీకరించినా దానిని మాట ఇచ్చినట్టుగానే పరిగణిస్తారు. తరువాత వెనుకకు తగ్గినవారికి ఆ నిర్వాహకుల వద్ద మరల అవకాశం దొరకడం కష్టం.

అనేక అంతర్జాతీయ పాఠశాలలు బ్రిటిష్, అమెరికన్ శిక్షణ పొందినవారికే ప్రాధాన్యమిస్తాయన్నది దాచవలసిన విషయం కాదు. తెలుగు ఉపాధ్యాయులకు దగ్గరి దారి మరొకటి ఉంది. సి.బి.ఎస్.ఇ. గుర్తింపు పొందిన పాఠశాలలు విదేశాలలో రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ గల్ఫ్ దేశాలలోనివే. వీటిలో పలు పాఠశాలలు పత్రికా ప్రకటనలిచ్చి భారతదేశ నగరాలలోనే ఇంటర్వ్యూలు జరుపుతాయి. ఇంగ్లండు ప్రభుత్వం 2023 ఫిబ్రవరి నుండి తన అర్హత హోదాకు దరఖాస్తు చేసుకొనే అవకాశాన్ని భారతీయ ఉపాధ్యాయులకూ కల్పించింది. అమెరికాలో జె-1 వీసాపై ఉపాధ్యాయులు మూడేళ్ళు, పొడిగింపుతో అయిదేళ్ళు పనిచేయవచ్చు. హెచ్-1బి దారి మాత్రం, 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించడంతో, పాఠశాలలకు బాగా ఇరుకైనది.

పత్రాల సన్నాహం

ఉదాహరణకు అనకాపల్లి జిల్లా దేవరాపల్లిలో నివసించే ఉపాధ్యాయుని తీసుకొందాం. ఈ మండలం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోనిది. కనుక పాత పత్రాలలో ఒక జిల్లా పేరు, కొత్త పత్రాలలో మరొక జిల్లా పేరు కనిపిస్తాయి. ఇది తప్పు కాదు గానీ, అడిగినవారికి వివరించేందుకు సిద్ధంగా ఉండాలి. పాస్‌పోర్టుకు, పోలీసు ధ్రువపత్రానికి ఈ ప్రాంతానికి విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది. డిగ్రీ, బి.ఇడి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి ఉంటే అసలు పట్టా కోసం వెళ్ళవలసినదీ విశాఖపట్నానికే. పట్టభద్రులలో చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేస్తుంటారు. విదేశీ యాజమాన్యాలు అసలు పట్టానే కోరతాయి కనుక, మొదటి దరఖాస్తు దీనికే పెట్టుకోవడం మంచిది.

తరువాతి మెట్టు ధ్రువీకరణ. విద్యాపత్రాలను మొదట రాష్ట్ర ప్రభుత్వం, తరువాత కేంద్ర విదేశాంగ శాఖ ధ్రువీకరిస్తాయి. భారతదేశంలో హేగ్ ఒప్పందం 2005 జూలై నుండి అమలులో ఉన్నందున, అందులోని ఇతర దేశాలకు సాధారణంగా అపోస్టిల్ ముద్ర ఒక్కటి చాలు. ఒమన్, బహ్రయిన్, సౌదీ అరేబియా ఈ ఒప్పందంలో ఉన్నాయి. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకొనేది పత్రానికి 50 రూపాయలు మాత్రమే. పత్రాలు స్వీకరించే సంస్థ సేవారుసుము దీనికి అదనం. మధ్యవర్తులు ఇదే పనికి వేల రూపాయలు అడుగుతుంటారు. ఇ-సనద్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా కొన్ని పత్రాలకు ఇంటి నుండే దరఖాస్తు చేయవచ్చు.

బి.ఇడి. కాలపరిమితి గురించి కూడా ప్రశ్నలు వస్తాయి. 2015కు ముందు అది ఏడాది కోర్సు, ఆ తరువాత రెండేళ్ళది. మూడేళ్ళ డిగ్రీని నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా గుర్తించని దేశాలలో పోస్ట్‌గ్రాడ్యుయేషన్ పత్రం ఎంతో అక్కరకు వస్తుంది.

పేర్ల చిక్కు

తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇది. పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. డిగ్రీ పత్రంలో అది పొడి అక్షరమవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది, పొడి అక్షరాలకు అక్కడ చోటు లేదు. ఆంగ్లంలో రాసినపుడు ఒకే పేరుకు ఒకచోట రెండు 'ఎ'లు, మరొకచోట ఒకటి పడతాయి. వివాహానంతరం ఇంటిపేరు మారిన ఉపాధ్యాయినులకు చదువు పత్రాలన్నీ పుట్టింటి పేరుతోను, ఆధార్ అత్తవారింటి పేరుతోను ఉంటాయి. మన కార్యాలయాలలో గుమాస్తా ఒక చూపుతో అర్థం చేసుకొనే ఈ తేడా, ఇంటిపేరు చివర ఉండే దేశపు అధికారికి ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తుంది.

పదవ తరగతి పత్రాన్ని ప్రమాణంగా తీసుకొని, పాస్‌పోర్టును దానికి సరిపోయేటట్లు పొందడం సులభమైన మార్గం. పదవ తరగతి పత్రాన్ని మార్పించడం దీర్ఘమైన వ్యవహారం. మిగిలిన తేడాలకు, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని తెలిపే ప్రమాణ పత్రం నోటరీ సమక్షంలో తయారు చేయించుకోవాలి. ఎంపికైన తరువాత ఈ పని మొదలుపెట్టినవారు వీసా గడువు దాటిపోయి ఉద్యోగం పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

ప్రభుత్వోపాధ్యాయులు

జిల్లా పరిషత్, ప్రభుత్వ పాఠశాలలలో పనిచేసేవారు ముందుగా శాఖాపరమైన అనుమతి పొందాలి. విదేశీ ఉద్యోగానికి అయిదేళ్ళకు మించకుండా జీతం లేని అసాధారణ సెలవు పొందే వీలుంది. ఆ కాలం ఇంక్రిమెంట్లకు లెక్కలోకి రాదు. అనుమతి లేకుండా వెళ్ళినవారు క్రమశిక్షణ చర్యకు లోనవుతారు.

పరిచయ పత్రం, ఇంటర్వ్యూ

పరిచయ పత్రం రెండు పుటలు మించరాదు. తండ్రి పేరు, మతం, కులం వంటి వివరాలు అందులో అనవసరం. బోధించిన తరగతులు, పాఠ్యప్రణాళిక, విద్యార్థుల సంఖ్య, చేపట్టిన పనులు ఉంటే చాలు. సిఫారసు చేసేవారిని యాజమాన్యం నేరుగా సంప్రదిస్తుంది. మన ప్రధానోపాధ్యాయులు చాలామంది "ఎవరికి సంబంధించినదైనా" అన్న తరహా లేఖ రాసి ఇచ్చి, తమ పని అయిందనుకొంటారు. వారికి ఈమెయిలు వస్తుందనీ, జవాబు ఇవ్వాలనీ ముందుగా చెప్పి ఉంచాలి.

ఇంటర్వ్యూలో విషయ పరిజ్ఞానం మీద ప్రశ్నలు తక్కువ. ఒకే తరగతిలో వెనుకబడినవారికీ చురుకైనవారికీ పాఠం ఎలా చెబుతారు, దండన లేకుండా క్రమశిక్షణ ఎలా నిలుపుతారు, ఒక పిల్లవాడు తనకు జరిగిన వేధింపును చెబితే ఏమి చేస్తారు అని అడుగుతారు. బాలల రక్షణపై 2014లో అంతర్జాతీయ కార్యదళం ఏర్పడిన తరువాత ఈ చివరి ప్రశ్న దాదాపు తప్పనిసరి అయింది. తెలుగు మాధ్యమంలో పనిచేసినవారు ఆంగ్ల ఉచ్చారణ గురించి బెంగపడతారు గానీ, నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడితే చాలు. అరవైమంది ఉన్న తరగతిని నడిపిన అనుభవాన్ని చెప్పుకోవడానికి సంకోచించనక్కర లేదు.

రుసుములు, మోసాలు

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అభ్యర్థి నుండి వసూలు చేయదగిన సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతకు మించి అడగడం చట్టవిరుద్ధం. నమోదైన ఏజెంట్ల పేర్లు ఇ-మైగ్రేట్ జాబితాలో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే స్వంత సంస్థ ఉంది. తెలంగాణకు టామ్‌కామ్ ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరం లేదు. కూలి పనికి గల్ఫ్ వెళ్ళే చదువులేని కార్మికుని ఒప్పందాన్ని ప్రవాసుల సంరక్షణాధికారి పరిశీలిస్తాడు. పట్టభద్రుడైన ఉపాధ్యాయుని ఒప్పందానికి ఆ తనిఖీ లేదు. చదువుకొన్నందువల్ల ఆ రక్షణ తప్పిపోయింది కనుక తన ఒప్పందాన్ని తానే చదువుకోవాలి.

అమెరికాలో జరిగిన రెండు సంఘటనలు గమనించదగినవి. లూసియానాలో సుమారు 350 మంది ఫిలిప్పీన్స్ ఉపాధ్యాయుల నుండి భారీ రుసుములు గుంజిన నియామక సంస్థ వారికి 45 లక్షల డాలర్లు చెల్లించాలని 2012లో జ్యూరీ తీర్పు చెప్పింది. మేరీలాండులోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలు యజమాని భరించవలసిన వీసా ఖర్చులను ఉపాధ్యాయులచేత పెట్టించినందుకు, 2011లో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి అంగీకరించాయి. అయితే ఆ పాఠశాలలను రెండేళ్ళపాటు హెచ్-1బి పథకం నుండి బహిష్కరించడంతో, సొమ్ము తిరిగి వచ్చిన ఉపాధ్యాయులలో అనేకులు వీసా పొడిగింపు లేక ఉద్యోగాలు కోల్పోయారు. చట్టం గెలిచినా నష్టపోయినవారు వారే. అప్పు చేసి రుసుము కట్టిన ఉపాధ్యాయుడు, అక్కడ ఎంత అన్యాయం జరిగినా, అప్పు తీరేదాకా నోరు మెదపలేడు.

2004 సెప్టెంబరు 1న ఇంగ్లండులోని స్టోక్ రోచ్‌ఫర్డ్‌లో కామన్వెల్త్ దేశాలు ఉపాధ్యాయ నియామకాలపై ఒక ఒడంబడికను ఆమోదించాయి. వలస వెళ్ళే ఉపాధ్యాయుల హక్కులతోపాటు, వారిని పంపే దేశాల పాఠశాలలు నష్టపోకుండా చూడటం దీని ఉద్దేశ్యం. దీనికి చట్టబద్ధత లేదు.

ఒప్పందంలో చూడవలసినవి

జీతం ఏ ద్రవ్యంలో, ఎన్ని నెలలకు ఇస్తారో మొదట చూడాలి. సెలవు నెలలకు జీతం ఇవ్వని పాఠశాలలూ ఉన్నాయి. ఇంటి అద్దె, ఏడాదికొక విమాన టిక్కెట్టు, వైద్య బీమా, పిల్లల ఫీజు రాయితీ ఒప్పందంలో రాసి ఉండాలి. నోటిమాటగా చెప్పినవి లెక్కకు రావు. మధ్యలో మానివేస్తే ఎంత చెల్లించాలో, పాస్‌పోర్టు ఎవరి వద్ద ఉంటుందో కూడా సంతకానికి ముందే అడగాలి. పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోవడం గల్ఫ్ దేశాలలో సైతం చట్టసమ్మతం కాదు. సంతకం చేసిన ప్రతిని ఒకదానిని ఇంటివద్ద కుటుంబ సభ్యులకు ఇచ్చి వెళ్ళాలి.