ఆర్థ్రోపోడా పరిణామం, వైవిధ్యం: మిరప చేనులో ఒక ఉదాహరణ

తిరువూరు ప్రాంతంలోని నెమలి వంటి గ్రామాల్లో మిరప రైతులకు ఆకు ముడత రెండు రకాలుగా తెలుసు. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత. కిందికి ముడుచుకొని, బోర్లించిన పడవలా కనిపిస్తే కింది ముడత. మొదటిదానికి కారణం తామర పురుగులు, రెండోదానికి తెల్లనల్లి. రెండూ ఆకు రసాన్ని పీల్చేవే. రెండూ ఆర్థ్రోపోడా వర్గానికి చెందినవే. కాని వర్గీకరణలో వీటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఆ దూరం తెలియకపోతే మందుల ఖర్చు వృథా అవుతుంది, పంటా దెబ్బతింటుంది.

సామాన్య లక్షణాలు

ఖండితాలతో ఏర్పడిన దేహం, కైటిన్‌తో కూడిన బాహ్య అస్థిపంజరం, కీళ్ళున్న ఉపాంగాలు ఈ వర్గపు ముఖ్య లక్షణాలు. కవచం దేహంతోపాటు పెరగదు కాబట్టి ఈ జీవులు కుబుసం విడుస్తూ పెరుగుతాయి. ఇప్పటివరకు వర్ణించిన జంతు జాతుల్లో దాదాపు 80 శాతం, అంటే 10 లక్షలకు పైగా, ఈ వర్గానివే. ఇంతటి వైవిధ్యానికి ఒక ముఖ్య కారణం ఉపాంగాల మార్పు. ఒకే మూల నిర్మాణం ఒకచోట కాలుగా, మరొకచోట దవడగా, ఇంకొకచోట స్పర్శశృంగంగా రూపొందింది.

రెండు శాఖలు

50 కోట్ల సంవత్సరాలకు పూర్వమే, కేంబ్రియన్ కాలంలో, నేటి ఆర్థ్రోపోడుల రెండు ప్రధాన శాఖలు విడిపోయాయి. కెలిసెరేటా శాఖ జీవులకు స్పర్శశృంగాలు ఉండవు. నోటి ముందు కెలిసెరాలు ఉంటాయి. సాలెపురుగు, తేలు, నల్లి ఈ శాఖకు చెందుతాయి. మాండిబ్యులేటా శాఖ జీవులకు స్పర్శశృంగాలు, హనువులు ఉంటాయి. జెర్రి, రోకలిబండ, రొయ్య, కీటకాలు ఈ శాఖలోనివి. కీటకాలు క్రస్టేషియన్ వంశం నుంచే ఉద్భవించాయని అణుజీవశాస్త్ర ఆధారాలు చూపుతున్నాయి. కాబట్టి కీటకమైన తామర పురుగుకు, అదే మొక్క మీద ఉన్న నల్లి కంటే, కృష్ణా డెల్టా చెరువులోని రొయ్య దగ్గరి బంధువు!

వర్గీకరణ ప్రయోజనం

ఇమిడాక్లోప్రిడ్ వంటి కీటకనాశినులు తామర పురుగులను అదుపు చేసినా నల్లిని అదుపు చేయవు. నల్లికి నీటిలో కరిగే గంధకం వంటి నల్లినాశినులు కావాలి. రెండింటిపైనా పనిచేసే మందులు కొన్ని ఉన్నా, ముందుగా శత్రువును గుర్తించడం అవసరం. అందుకు కాళ్ళు లెక్కపెడితే చాలదు. పెరిగిన నల్లికి నాలుగు జతల కాళ్ళున్నా, దాని లార్వాకు కీటకంలాగే మూడు జతలే ఉంటాయి. స్పర్శశృంగాలు ఉన్నాయా లేవా అన్నదే నమ్మదగిన గుర్తు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఊరి చేలో ముడత పడిన మిరప ఆకులను భూతద్దంతో పరిశీలించండి. మీకు కనిపించిన జీవి ఏ శాఖకు చెందుతుందో కారణాలతో రాయండి.