చూచినది వ్రాయుట: జీవశాస్త్ర ప్రయోగ నివేదిక



మన పల్లెలనుండి బాలబాలికలు నగరమునకు వచ్చి కళాశాలలలో జీవశాస్త్రము చదువుచున్నారు. సెలవులకు ఇల్లు చేరినపుడు వారి సంచులలో ఒక పెద్ద అట్ట పుస్తకము కనబడును. దానిని రికార్డు అందురు. అందు ఉల్లిపొర, ఆకు, పురుగు మొదలగువాని చిత్రములును, వాని ప్రక్కన వ్రాతయు నుండును. ఇంత వ్యయము చేసి పంపినది ఈ బొమ్మలు వేయుటకా యని కొందరు పెద్దలు అడుగుట కద్దు. ఆ పుస్తకమున వ్రాయునది యేమి, దానిని ఎట్లు వ్రాయవలెను, అట్లు వ్రాయకున్న కలుగు హాని యేమి అను మూడు సంగతులను నేడు మనవి చేసెదను.

ప్రయోగశాలలో చేసిన పనిని తెలుపు వ్రాతకు ప్రయోగ నివేదిక యని పేరు. దీనికి పోలిక మన గ్రామములలోనే కలదు. అది పంచనామా. ఒక యింట కన్నము పడినచో పోలీసువారు ఊరి పెద్దలను పంచులుగా పిలుతురు. గోడలోని కన్నము ఎన్ని జానలున్నది, తాళము విరిగినదా, ఏ పెట్టె ఎచ్చట పడియున్నది అని పంచులు తాము కన్నది వ్రాయించి వ్రాలు చేయుదురు. దొంగ ఫలానావాడని మనసున తోచినను అందు చేర్చరు. విద్యార్థి నివేదికయు నిట్టిదే. అతడు ప్రకృతి ముందర నిలిచిన పంచుడు.

మన తర్కశాస్త్రము ఈ భేదమును ఏనాడో చెప్పినది. కొండపై పొగ కనబడుట ప్రత్యక్షము. అచ్చట నిప్పు కలదనుట అనుమానము. రెండును ప్రమాణములే, కాని ఒకదానిని రెండవదానిగా చెప్పరాదు.

ఇక వ్రాయు క్రమము. ఈ హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపు టొడ్డున, హైకోర్టునకు పొరుగున సిటీ కాలేజి కలదు. అచ్చటనైనను మరి యే కళాశాలయందైనను ఈ క్రమము ఇంచుమించుగా నొక్కటే. మాగాయ పెట్టు ఇల్లాండ్రకు తెలిసిన విషయమునే ఉదాహరణముగా గైకొందము. మామిడి ముక్కలపై ఉప్పు చల్లిన ఊట ఊరును. విద్యార్థి దీనినే ఆలుగడ్డతో పరీక్షించుననుకొందము.

మొదట ఉద్దేశ్యము వ్రాయవలెను: ఉప్పునీట నుంచిన ముక్క తూకము మారునా? తరువాత సామగ్రి: ముక్కలెన్ని, ఒక్కొక్కటి ఎంత తూగినది, నీటిలో ఉప్పెంత. పిదప పద్ధతి: ఎంతసేపు నానినది, తీసిన తరువాత ఎట్లు తుడిచి తూచినది. ఈ భాగమును చదివి, ఎన్నడును చూడని మరియొకడు అదే పనిని అదే తీరున చేయగలుగవలెను. కొంత ఉప్పు, కొంచెము సేపు అని వ్రాసిన వ్రాత ఇందు పనికిరాదు.

ఉప్పునీటితోపాటు మంచినీటిలోను కొన్ని ముక్కలు వేయవలెను. అదియే పోలిక పాత్ర. అది లేనిచో మార్పునకు కారణము ఉప్పో, కేవలము నానుటయో తెలియదు. ఒక్క ముక్కతో తృప్తిపడక మూడు నాలుగింటితో చేయవలెను; ఏలన ఒక్క గింజను పట్టి పంటను తేల్చరాదు.

అటుపిమ్మట పరిశీలనము. ఉప్పునీటిలోని 10 గ్రాముల ముక్క 9 గ్రాములై మెత్తబడినది. మంచినీటిలోనిది కొంచెము బరువెక్కి బిరుసైనది అనుకొందము. ఇవి కన్నవి, వీనిని పట్టికగా వ్రాయవలెను. కడపట నిర్ణయము: ఉప్పు అధికముగా నున్న వైపునకు ముక్కలోని నీరు కణముల పొరలగుండ వెడలినది. ఇది ఊహించినది, దీనిని వేరుగా వ్రాయవలెను.

ఇచ్చట విద్యార్థికి పరీక్ష కలదు. ఉప్పునీటి ముక్కలలో నొకటి తూకము తగ్గలేదనుకొందము. పుస్తకములో చెప్పినట్లు రాలేదని ఆ అంకెను చెరిపివేయ బుద్ధి పుట్టును. అది కూడదు. తగ్గలేదని వ్రాసి, తడి సరిగా తుడువనందున కావచ్చునని తోచిన కారణమును విడిగా చెప్పవలెను. అనుకొన్నట్లు రాని అంకెయు సాక్ష్యమే.

ఇట్టి వ్రాతకు మేలైన తార్కాణము మన నగరము చెంతనే కలదు. మలేరియా జ్వరము చెడుగాలి వలన వచ్చునని లోకులు చిరకాలము నమ్మిరి. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగా నుండిన రొనాల్డు రాసు 1895 మొదలు దోమలను కోసి సూక్ష్మదర్శినితో చూచుచుండెను. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో, నాలుగు దినముల క్రిందట మలేరియా రోగి రక్తము త్రాగిన మచ్చల రెక్కల దోమ నొకదానిని కోయగా, దాని కడుపు గోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. మలేరియా క్రిమియందు కనబడు రేణువులును అట్టివే. మరునాడు రెండవ దోమను కోయగా అందలి కణములు మరింత పెద్దవై యుండెను.

ఆ సంవత్సరమే డిసెంబరు 18వ తేదీన బ్రిటిషు వైద్యపత్రికలో అతని వ్యాసము వెలువడెను. దాని పేరు గమనింపుడు: మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత రేణుకణములను గూర్చి. మలేరియాకు మూలము దొరకినదని ఆ పేరు చాటలేదు. చూచిన దోమలు రెండు, రెండనియే చెప్పినది. కన్నము కొలత వ్రాసెనేగాని దొంగ పేరు వ్రాయలేదు. తక్కిన సాక్ష్యము 1898లో లభించెను. కలకత్తాలో రాసు పక్షుల మలేరియాను పరీక్షించి, క్రిమి దోమ కడుపునుండి లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో మరియొక పక్షికి సోకుటను చూపెను. ఇటలీలో గ్రాసీయు నతని సహచరులును మనుష్యుల మలేరియాను అనాఫిలిసు దోమ మోయునని నిరూపించిరి. 1902లో రాసునకు నోబెలు బహుమానము వచ్చెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని నిలిచియున్నది.

ఇక హాని సంగతి. కొందరు విద్యార్థులు వెనుకటి యేటివారి రికార్డు తెచ్చుకొని, చూడని కణమునకు బొమ్మ దించుదురు. తూచని ముక్కకు తూకము వేయుదురు. మార్కులు వచ్చును. కాని అట్టి విద్యార్థియే రేపు ఆసుపత్రి ప్రయోగశాలలో కూర్చుండును. మన ఊరి జ్వరపు రోగి రక్తము గాజుపలకపై అతని ముందరికి వచ్చును. చూడకయే క్రిమి లేదని వ్రాసెనా, వైద్యుడు ఆ కాగితమును నమ్మును. రోగికి తగిన మందు అందదు. కళాశాలలో అలవడిన చేతివాటము అచ్చట ప్రాణము మీదికి వచ్చును.

కావున పెద్దలారా, సెలవులకు వచ్చిన మనుమని గాని మనుమరాలిని గాని మార్కులెన్ని యని మాత్రమే అడుగకుడు. రికార్డు తెరువుమని, ఒక పుటపై వ్రేలు పెట్టి, దీనిలో నీవు కన్నది ఏది, ఊహించినది ఏది యని అడుగుడు. వ్రాత ఇంగ్లీషులో నున్నను జవాబు తెలుగున చెప్పుమనుడు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించినది. మన భాషయు ఆ బరువును మోయగలదు. నిజముగా చూచినవాడు తడబడక చెప్పును. చెప్పలేనిచో, మీరు పంచులై వ్రాలు చేసిన దినమును తలచుకొని, సాక్ష్యమనగా నేమియో వానికి బోధింపుడు. ఆ పాఠము చెప్పుటకు మీకంటె తగినవారు లేరు.