ఇరుసు కొనే ముందు టైరు కొలవండి

అమెరికాలో కొండరాళ్ల మీద బండి ఎక్కించే సరదా ఉన్నవాళ్లకు 1985 టొయోటా పికప్ అంటే మహా మక్కువ. అక్కడ ముందు చక్రాలు రెంటినీ ఎడ్లబండిలా ఒకే ఇరుసు (సాలిడ్ యాక్సిల్) కలిపిన ఆఖరి మోడల్ అది. 1986 నుంచి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగే ఏర్పాటు వచ్చింది. రోడ్డు మీద అది సుఖమే. రాళ్లలో మాత్రం చక్రం పైకీ కిందికీ కదిలే మేర తక్కువ. అందుకే దాన్ని తీసేసి పాత పద్ధతి ఇరుసు బిగించుకుంటారు. మరి ఏ ఇరుసు?

దొరికినవాటిలో లావైనది కొంటే సరిపోదా? సరిపోదు. ఇరుసు మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గూడును అక్కడి మెకానిక్కులు గుమ్మడికాయ అంటారు. అది ఎంత పెద్దదైతే అంతగా రాళ్లకు తగులుతుంది. కాబట్టి మీరు వేయబోయే టైరు నుంచి లెక్క మొదలుపెట్టండి.

ఆనాటి 22ఆర్ఈ ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 190 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు దాన్ని దాదాపు 4 రెట్లు చేస్తుంది. కష్టమైన దారుల్లో నెమ్మదిగా వెళ్లేందుకు వేసే లో రేంజి గేరు 2.28 రెట్లు, డిఫరెన్షియల్ 4.10 రెట్లు పెంచుతాయి. మొత్తం 37 రెట్లు, అంటే 7,000 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవున్న కడ్డీ చివర 25 కిలోల బియ్యం బస్తాలు 28 వేలాడదీసినంత మెలి అది. మామూలుగా నాలుగు చక్రాలూ దాన్ని పంచుకుంటాయి. ఇరుసు రెండు చివరల చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే లాకర్లు వేసి ఉండగా మూడు చక్రాలకు పట్టు లేకపోతే, భారమంతా ఇరుసు లోపల చక్రాన్ని తిప్పే ఒక్క షాఫ్ట్ మీదే పడుతుంది. టైరు జారితే షాఫ్ట్ బతుకుతుంది, రాళ్ల మధ్య ఇరుక్కుంటే విరుగుతుంది. టైరు పెద్దదయ్యేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది.

షాఫ్ట్ కాస్త లావైతే ఏమాత్రం తేడా వస్తుంది? చాలా వస్తుంది. లోహం ఒకటే అయితే 1.31 అంగుళాల షాఫ్ట్ కన్నా 1.5 అంగుళాలది ఒకటిన్నర రెట్లు మెలిని తట్టుకుంటుంది. వ్యాసంలో తేడా 5 మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ మెలిని తట్టుకునే శక్తి వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది.

డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం, అంటే రింగ్ గేర్, టొయోటాలో 8 అంగుళాలు, డానా కంపెనీ ఇరుసుల్లో డానా 44లో 8.5, డానా 60లో 9.75. నా మాట ఇది: 33 అంగుళాల టైర్లకు టొయోటా ఇరుసే చాలు, చక్రం పక్కకు తిరిగే చోటి కీళ్లు మాత్రం క్రోమోలీ ఉక్కువి వేయించండి. 35కు డానా 44. 37 దాటితే డానా 60.

టైరు మారితే గేరు నిష్పత్తి కూడా మారాలి. 31 నుంచి 37 అంగుళాలకు వెళితే 4.10ని 37తో గుణించి 31తో భాగించండి. 4.89 వస్తుంది, బజారులో 4.88 దొరుకుతుంది. గుమ్మడికాయ ఏ పక్కన ఉందో కూడా చూసుకోండి. టొయోటాలో అది కుడివైపు. ఫోర్డ్ డానా 60లో ఎడమవైపు, కాబట్టి నేరుగా జతపడదు.

డానా 60 అన్న పేరు చూసి మాత్రం డబ్బు కట్టకండి. పాతవాటిలో చాలావాటికి లోపలి షాఫ్ట్ 1.5 అంగుళాలు ఉన్నా, చక్రం దగ్గరి ముక్క 1.31 అంగుళాలే. హబ్ విప్పించి షాఫ్ట్ చివరి పళ్లు లెక్కపెట్టండి. 30 ఉంటే సన్నది, 35 ఉంటే లావుది.