బుల్లెట్ ఒంట్లో నాలుగు ఆయిళ్లు

మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఎండలు ఎక్కడ మండుతున్నాయని చూస్తే రెంటచింతల పేరు పైవరసలోనే ఉంటుంది. గురజాల నుంచి ఆ ఊరి మీదుగా మాచర్ల వెళ్లే పాత బుల్లెట్‌కు రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, గాలే దిక్కు. సిలిండర్ రెక్కలకూ బయటి గాలికీ మధ్య వేడి తేడా ఎంత ఎక్కువుంటే ఇంజిన్ అంత త్వరగా చల్లబడుతుంది. గాలే 45 డిగ్రీలకు కాగితే ఆ తేడా తగ్గి, భారం లోపలి ఆయిల్ మీద పడుతుంది. పల్నాడులో పాత బుల్లెట్ ఆయుష్షు ఆయిల్ చేతిలోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఈ ఇంజిన్ పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, ముందు అక్కడి భాగాలను ఇక్కడ బిగించి, తర్వాత అన్నీ ఇక్కడే తయారుచేసింది. రెడిచ్‌లో తయారీ ఆగిపోయాక కూడా 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీల ఆ పోత ఇనుప ఇంజిన్ మన రోడ్ల మీద దశాబ్దాలపాటు డుగుడుగుమంటూనే ఉంది. 2002లో క్రూయిజర్ తీరులో వచ్చిన థండర్‌బర్డ్‌కు అల్యూమినియం సిలిండర్ ఇంజిన్ పెట్టారు. దాని డిజైన్‌లో ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ చెయ్యి ఉంది. ఈ వ్యాసం మాత్రం పోత ఇనుము బండి గురించే.

ఇప్పటి బండ్లలో ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్లకు కలిపి ఒకటే ఆయిల్. పాత బుల్లెట్‌లో ఎవరి గది వారిది. ఇంజిన్‌కు ఒకటి, క్లచ్ ఉండే చైన్ కేస్‌కు ఒకటి, గేర్‌బాక్సుకు ఒకటి, ముందు ఫోర్కులకు ఒకటి.

ఇంజిన్ ఆయిల్ కథే అన్నిటికంటే ముచ్చటైనది. క్రాంక్‌కేస్ వెనక భాగమే ఆయిల్ తొట్టి. క్రాంక్ చివర ఉన్న వర్మ్ గేరు రెండు చిన్న పంపులను నడుపుతుంది. ఒకటి ఆయిల్‌ను ఫెల్ట్ ఫిల్టర్ గుండా బిగ్ ఎండ్‌కు, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటికి, తోస్తుంది. రెండోది అడుగున పడ్డ ఆయిల్‌ను లాగి మళ్లీ తొట్టికి పంపుతుంది. పంపే దానికంటే లాగే పంపుకు బలం ఎక్కువ, లేకుంటే అడుగున ఆయిల్ నిలిచిపోతుంది. బండి వారాల తరబడి కదలకుండా నిలబడితే తొట్టిలోది మెల్లగా కిందికి జారుతుంది. అప్పుడు డిప్ స్టిక్ చూసి 'ఆయిల్ తగ్గింది' అని పైనుంచి పోశారంటే, స్టార్ట్ చేయగానే పొగ, కారడం. కాసేపు నడిపాకే కొలత చూడాలి.

20డబ్ల్యూ-50 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో సుమారు తొమ్మిదో వంతే ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఆయిల్ గాలితో కలిసి చెడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పైగా పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి, సిమెంటు లారీల నుంచి లేచే దుమ్ము. సున్నపురాయి స్వతహాగా మెత్తనిదే, దానికి ఇనుమును గీసే శక్తి లేదు. దుమ్ములో కలిసొచ్చే ఇసుక రేణువు మాత్రం గీస్తుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగిన బండి త్వరగా బోరుకొచ్చేది అందుకే. కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్ల కోసం ఎదురుచూడకుండా ఎండాకాలానికి ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి ఇంజిన్ ఆయిల్ మార్చడం ఈ ప్రాంతానికి సరైన పద్ధతి.

గేర్‌బాక్సులో కంచు బుష్షులుంటాయి. కార్ల యాక్సిల్‌కు వాడే కొన్ని గేర్ ఆయిళ్లలోని గంధకపు మందులు వేడిలో కంచును తినేస్తాయి. చిక్కగా ఉంటే చాలునని ఏదిబడితే అది పోయకూడదు. చైన్ కేస్‌లో జారుడు మందులు కలిపినది పోస్తే క్లచ్ ప్లేట్లు పట్టు వదిలేస్తాయి. ఫోర్కు ఆయిల్ పని గుంత దెబ్బకు ఎగిరే స్ప్రింగును నిలవరించడం. రెండు కాళ్లలోనూ సమానంగా పోస్తే సరి.

డిస్క్ బ్రేక్ ఉన్న బండికి ఇంకొకటి కలుస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను తాగుతుంది. కొత్త డాట్-4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు నలుగుతాయి తప్ప ఒత్తిడి చక్రాన్ని చేరదు, లివర్ మెత్తగా దిగబడుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

పాత ఇంజిన్ ఆయిల్ దించేటప్పుడు బండి వేడి మీదుండగానే స్టాండు వేయాలి. మురికి ఆయిల్‌లో తేలుతూ దానితోపాటే దిగిపోతుంది. ఫిల్టర్ మార్చాక దాని గది ఖాళీగా ఉంటుంది. పంపు ముందు ఆ గదిని నింపాలి, ఆ తర్వాతే బిగ్ ఎండ్‌కు ఆయిల్ అందుతుంది. ఈ ఇంజిన్‌లో అక్కడుండేది బాల్ బేరింగు కాదు, ఆయిల్ పొర మీద తేలే బుష్షు. పొడిగా తిరిగితే అరిగిపోతుంది. అందుకే ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ, టైమింగ్ కవర్ మీది ఫీడ్ ప్లగ్గును కొద్దిగా వదులు చేసి ఆయిల్ చెమర్చేదాకా ఆగాలి. చెమర్చాక ప్లగ్గు బిగించి, ఆ తర్వాత యాక్సిలేటర్ ఇవ్వాలి.